ఆట మెరుగుపడ్డాక పాత తిట్ల సంగతేమిటి?

ఉత్తర గ్యాలరీ:

ఒక పాత ఫుట్‌బాల్ ఆట స్కోరు కోసం మొన్న ఈ చర్చా వేదికలోనే వెతుకుతుంటే 2022 ఏప్రిల్‌లో నేను రాసిన వ్యాఖ్యలు కంటపడ్డాయి. లివర్‌పూల్ చేతిలో మా మాంచెస్టర్ యునైటెడ్ 4-0తో ఓడిన రాత్రి రాసినవి. దాదాపు అన్నీ మా డిఫెండర్ హ్యారీ మగ్వైర్ మీదే. ‘ఎనిమిది కోట్ల పౌండ్లు పోసి కొన్న బండరాయి.’ ‘ఇతని వల్ల కాదు, ఎప్పటికీ కాదు.’ ‘ఈ జెర్సీ తొడుక్కునే అర్హతే లేదు.’ ఇంకా ఘోరమైనవి ఉన్నాయి. వాటిని మళ్లీ రాయడానికి చేయి రావడం లేదు.

అదే నేను 2025 ఏప్రిల్ 17న ఏం చేశానో చెబుతాను. లియోన్‌తో యూరోపా లీగ్ క్వార్టర్ ఫైనల్ రెండో ఆట. 2-0 ఆధిక్యం చేజారింది. పది మందితో ఆడుతున్న జట్టు అదనపు సమయంలో మాపై 4-2తో ముందుకెళ్లింది. మగ్వైర్‌ను స్ట్రైకర్‌గా ముందుకు పంపారు. మేం రెండు గోల్స్ కొట్టి సమం చేశాం. 121వ నిమిషంలో బంతి అతని తలకు తగిలి వలలో పడింది. 5-4. రెండు ఆటలూ కలిపి 7-6. అతని పేరు అరిచి అరిచి మర్నాడు నాకు గొంతు పెగల్లేదు. అదే ఏడాది అక్టోబరులో లివర్‌పూల్ మైదానం ఆన్‌ఫీల్డ్‌లో గెలుపు గోల్ కొట్టినప్పుడూ అంతే. 2016 జనవరి తర్వాత అక్కడ లీగ్‌లో మాకు అదే మొదటి గెలుపు.

నా ప్రశ్న ఇది. ఆ రోజు అతను బాగా ఆడలేదు, అది నిజం. ఇప్పుడు బాగా ఆడుతున్నాడు, ఇదీ నిజం. మరి ఆనాటి నా మాటలు ఇప్పటికీ న్యాయమేనా? లేక అవి మొదటి నుంచీ అన్యాయమేనా? నేను నిజంగా తెలుసుకోవాలనుకుంటున్నాను.

ఎడమ అంచు:

ఇందులో మథనపడాల్సింది ఏమీ లేదు. ఆ రోజు ఆటకు ఆ రోజు తీర్పు. రేపు బాగా ఆడితే రేపు మెచ్చుకుంటాం. రేపటి ఆటను ముందే చూసి ఈ రోజు మాట్లాడే శక్తి ఎవరికీ లేదు.

1989 డిసెంబరులో యునైటెడ్ మైదానం ఓల్డ్ ట్రాఫర్డ్‌లో ఎగిరిన బ్యానర్ గుర్తు చేసుకోండి. సొంత మైదానంలో క్రిస్టల్ ప్యాలెస్ చేతిలో ఓడుతున్న రోజు. మూడేళ్లుగా సాకులే వింటున్నాం, ఇక వెళ్లిరా ఫెర్గీ అని దాని సారాంశం. ఆ తర్వాత ఆ ఫెర్గీ, అంటే మేనేజర్ అలెక్స్ ఫెర్గూసన్, 13 లీగ్ టైటిళ్లు గెలిచాడు. కాబట్టి ఆ బ్యానర్ రాసినవాడు మూర్ఖుడని ఇప్పుడు అందరూ నవ్వుతారు. నేను నవ్వను. అంతకు ముందు సీజన్‌లో జట్టు 11వ స్థానంలో ముగిసింది. ఆ సీజన్‌లో ఇంకా దిగజారి 13వ స్థానంలో ఆగింది. టికెట్టు కొని ప్రతి వారం వచ్చి చూసినవాడు తన ముందున్నదాన్ని బట్టి మాట్లాడాడు. అతను చెప్పింది ఆ రోజుకు అక్షరాలా నిజం.

మధ్య వలయం:

ఎడమ అంచు గారూ, మీ ఉదాహరణ మీ వాదాన్నే కొంచెం దెబ్బతీస్తోంది. బ్యానర్‌లో రెండు మాటలున్నాయి. ఒకటి: మూడేళ్లుగా సాకులు. అది చూసినదాని గురించి. రెండోది: వెళ్లిపో. అది రాబోయేదాని గురించి, ఈ మనిషి వల్ల కాదు అనే జోస్యం. మొదటిది అప్పుడూ నిజం, ఇప్పుడూ నిజం. రెండోది తప్పని తేలింది. ఒకే గుడ్డ మీద రాసినంత మాత్రాన రెండూ ఒకటి కావు.

మా ఆర్సెనల్‌లో ఇది బాగా అనుభవించాం. 2021 ఆగస్టులో లీగ్ మొదటి మూడు ఆటలూ ఓడాం, ఒక్క గోల్ కూడా లేదు. మాంచెస్టర్ సిటీ చేతిలో 5-0. అంతకు ముందు రెండు సీజన్లూ ఎనిమిదో స్థానం. మేనేజర్ మికెల్ ఆర్టెటాను పంపేయాలని రాసినవాళ్లలో నేనూ ఉన్నాను. ఆ తర్వాత 2023, 2024, 2025లలో వరుసగా రెండో స్థానంలో నిలిచాం. జట్టు చెత్తగా ఆడుతోందని నేను రాసింది సరైనదే. ఇతనికి ఈ పని రాదు అని రాసింది మాత్రం తప్పు. అది తప్పని ఒప్పుకోవడానికి నాకు సంకోచం లేదు.

మూల జెండా:

మగ్వైర్ సంగతి వచ్చింది కాబట్టి ఘనా పార్లమెంటు సంగతి ఎవరో ఒకరు చెప్పాలి. 2022 చివర్లో ఐజాక్ అడోంగో అనే సభ్యుడు బడ్జెట్ చర్చలో మాట్లాడుతూ ఆ దేశ ఉపాధ్యక్షుణ్ణి మగ్వైర్‌తో పోల్చాడు. సొంత గోల్ వైపే ప్రమాదం తెచ్చే డిఫెండర్ అని. సభ అంతా నవ్వింది. ఏడాది తిరిగాక అదే సభలో లేచి, మగ్వైర్ ఇప్పుడు మారిపోయాడు, అతనికి క్షమాపణ చెబుతున్నాను అన్నాడు. ఆ క్షమాపణను స్వీకరిస్తున్నానని మగ్వైర్ సామాజిక మాధ్యమంలో బదులిచ్చాడు కూడా. 2023 నవంబరుకు ప్రీమియర్ లీగ్ ఆ నెల ఉత్తమ ఆటగాడి బహుమతి అతనికే వచ్చింది.

ఎన్నడూ కలవని ఒక ఆటగాడికి వేరే దేశపు చట్టసభలో క్షమాపణ చెప్పారు. ఇక్కడ మనం ఒక్క వాక్యం రాయలేమా?

ఎడమ అంచు:

రాజకీయ నాయకుడి క్షమాపణ కూడా రాజకీయమే. మగ్వైర్ మెరుగుపడ్డాడు, మా ఉపాధ్యక్షుడు మాత్రం పడలేదు అని చెప్పడానికే ఆయన అది వాడుకున్నారు. దాన్ని మనకు ఆదర్శంగా చూపకండి.

ఇంకొక మాట. ఎవరూ ఏమీ అనకుండా ఉంటే ఆటగాళ్లు మెరుగుపడతారా? అభిమానుల ఒత్తిడి లేకపోతే అతని కెప్టెన్సీ మారేదా? 2023 జులైలో ఆర్మ్‌బ్యాండ్ పోయింది, నవంబరుకల్లా ఆట తేరుకుంది. వరస చూడండి. గట్టిగా అన్నాం కాబట్టే మార్పు వచ్చిందని నేను నమ్ముతాను.

గణాంకం:

వరసలో ముందు వచ్చినదల్లా కారణం కాదు. కోడి కూసింది కాబట్టే తెల్లవారిందా?

జోయెలింటన్ సంగతి చూడండి. 2019లో న్యూకాసిల్ యునైటెడ్ అప్పటికి క్లబ్ చరిత్రలోనే పెద్ద మొత్తం, దాదాపు నాలుగు కోట్ల పౌండ్లు పెట్టి కొన్న స్ట్రైకర్. తొమ్మిదో నంబరు జెర్సీ ఇచ్చారు. మొదటి లీగ్ సీజన్‌లో రెండే గోల్స్. రెండేళ్లకు పైగా తిట్టారు, గేలి చేశారు. తిట్లే మందు అయితే ఆ రెండేళ్లలోనే కుదుటపడాలి కదా? పడలేదు. 2021 నవంబరు 30న నారిచ్‌తో ఆటలో తొమ్మిదో నిమిషంలోనే న్యూకాసిల్ డిఫెండర్‌కు రెడ్ కార్డు చూపారు. పది మందితో మిగిలిన ఆట నెట్టుకురావడానికి కొత్త మేనేజర్ ఎడ్డీ హౌ ఇతన్ని మిడ్‌ఫీల్డ్‌లోకి దించాడు. అంతే. బంతి లాక్కోవడం, అడ్డుపడటం, పరుగెత్తి మోసుకెళ్లడం, అన్నీ ఉన్నాయి అతనిలో. ఆ సీజన్ చివర క్లబ్ ఉత్తమ ఆటగాడు అతనే.

స్ట్రైకర్‌గా పనికిరాడు అన్న విమర్శ ఇప్పటికీ నూటికి నూరుపాళ్లు సరైనది. ఆటగాడిగానే పనికిరాడు అన్నది ఏ రోజూ సరైనది కాదు. స్టాండ్స్‌లో కూర్చున్నవాళ్లకు కనిపించింది తప్పు చోట నిలబెట్టిన మనిషి. వాళ్లు అతనిలోనే లోపం ఉందనుకున్నారు.

మగ్వైర్ సంగతీ ఇంతే. అతను వెనక్కి తిరిగి పరుగెత్తడంలో నెమ్మది. వెనుక ముప్పై గజాల ఖాళీ వదిలి ముందుకొచ్చి ఆడే పద్ధతిలో ఆ నెమ్మది బయటపడుతుంది. సొంత బాక్సులో నిలిచి గాలిలో వచ్చే బంతులు తలతో కొట్టేయమంటే అతనికి సాటి కొద్దిమందే. వెనుక మధ్యలో ముగ్గురు డిఫెండర్లతో ఆడినప్పుడు పక్కన ఇంకొకరి కాపు ఉంటుంది. ఉత్తర గ్యాలరీ గారూ, 2022లో అతను నెమ్మది అని మీరు రాసి ఉంటే ఆ మాటను ఇప్పుడు వెనక్కి తీసుకోనక్కర్లేదు. అతను ఈ రోజుకీ నెమ్మదే.

ఉత్తర గ్యాలరీ:

గణాంకం గారూ, మీరు చెప్పాక మళ్లీ వెళ్లి చూశాను. ‘నెమ్మది’ అన్న మాట నా వ్యాఖ్యల్లో ఒక్కసారే ఉంది. అది కూడా ఒక తిట్టుకు విశేషణంగా.

పాత స్కోరుబోర్డు:

నేను ఈ ఆట చూడటం మొదలుపెట్టింది 1982 ప్రపంచ కప్‌తో. అందుకని ఇటలీ స్ట్రైకర్ పావ్లో రోసీ గురించి చెప్పకుండా ఉండలేను.

బెట్టింగ్ కుంభకోణంలో రెండేళ్ల నిషేధం అనుభవించి టోర్నీకి కొద్ది వారాల ముందే తిరిగొచ్చాడు. చేతిలో ఆటల్లేవు, కాళ్లలో చురుకు లేదు. ఇటలీ మొదటి దశలో మూడు ఆటలూ డ్రా చేసుకుంది. పోలండ్‌తో 0-0, పెరూతో 1-1, కామెరూన్‌తో 1-1. రోసీ ఒక్క గోల్ కొట్టలేదు. మైదానంలో తిరుగుతున్న నీడలా ఉన్నాడు. ఇటలీ పత్రికలు అతన్నీ, అతన్ని ఆడిస్తున్న కోచ్ ఎంజో బేర్జోట్‌నూ చీల్చి చెండాడాయి. ఆట దాటి వాళ్ల వ్యక్తిగత జీవితాల్లోకి కూడా వెళ్లాయి. జట్టు ఆటగాళ్లు విలేకరులతో మాట్లాడటమే మానేశారు. నలభై ఏళ్ల కెప్టెన్ డీనో జాఫ్ ఒక్కడే అందరి తరఫునా నోరు విప్పేవాడు, అదీ ముక్తసరిగా.

జులై 5న బార్సిలోనాలో బ్రెజిల్‌పై రోసీ మూడు గోల్స్ కొట్టాడు. 3-2. సెమీఫైనల్‌లో పోలండ్‌పై రెండు. ఫైనల్‌లో పశ్చిమ జర్మనీపై మొదటి గోల్ అతనిదే. ఆరు గోల్స్‌తో టోర్నీలో అందరికంటే ముందు.

ఇన్నేళ్లుగా నన్ను వదలని ప్రశ్న ఒకటుంది. ఆ మూడు డ్రాల తర్వాత నేను విలేకరినై ఉంటే రోసీని పక్కన పెట్టమనే రాసేవాణ్ణి. అలా రాయడంలో అన్యాయం ఏమీ లేదు. బేర్జోట్ రోజూ శిక్షణలో చూసినది నాకు కనిపించదు కదా. అయితే జట్టు మొత్తం నోరు మూసుకునేంతగా మాట్లాడారంటే, అక్కడ ఆట మీద విమర్శ ఎప్పుడో అయిపోయింది. మిగిలింది ఇంకేదో. గోల్స్ రాకపోయి ఉంటే ఆ ఇంకేదో కూడా న్యాయమే అయ్యేదా? ఉత్తర గ్యాలరీ గారు ఈ కోణంలో ఆలోచించాలి. లియోన్‌పై ఆ హెడర్ పడకపోయి ఉంటే మీకు ఈ సందేహం వచ్చేదా?

ఉత్తర గ్యాలరీ:

రాత్రంతా దీని గురించే ఆలోచించాను. వచ్చేది కాదు. ఆ మాట నాకే కష్టంగా ఉంది.

గోలు గీత:

చాలా రోజులుగా చదువుతూ ఉన్నాను, రాయడం ఇదే మొదటిసారి. నేను గోల్ కీపర్‌ని. పెద్ద స్థాయి కాదు, చిన్న లీగ్‌లో తొమ్మిదేళ్లు ఆడాను. మా ఆటలకు రెండు మూడు వందల మంది వచ్చేవాళ్లు. పెద్ద స్టేడియంలో అరుపులన్నీ కలిసిపోయి ఒక హోరులా వినిపిస్తాయని అంటారు. మాకు అలా కాదు. ఎవరు ఏమన్నారో ముఖంతో సహా తెలుస్తుంది.

ఒక సీజన్‌లో వరసగా నాలుగు ఆటల్లో నా చేతుల్లోంచి బంతి జారింది. మూడు గోల్స్ పూర్తిగా నా తప్పే. గోల్ వెనకే నిలబడే సొంత అభిమానులు ఒక పాట కట్టారు. నా చేతుల మీద మొదలై మా అమ్మ మీద ముగిసేది. ఐదో ఆట నుంచి బంతి గాలిలో ఉన్నప్పుడు నా చెవులు వెనక్కి వెళ్లిపోయేవి, కళ్లు ముందుకు ఉన్నా. ఇది మాటలకు చెబుతున్నది కాదు. కార్నర్ కిక్‌కు ముందుకు వచ్చి బంతి పట్టుకోవాలా, గీత మీదే ఉండాలా అని తేల్చుకోవడానికి కీపర్‌కు అర సెకను ఉంటుంది. ఆ అర సెకనులో నాకు పాట వినిపించేది. అందుకని గీత మీదే ఉండిపోయేవాణ్ణి. దాంతో ఇంకో గోల్.

మెరుగుపడ్డాను. ఎలాగంటే, కోచ్ పదిహేను రోజులు నన్ను ఆడించలేదు. రోజూ తడి బంతితో చేయించారు. నేను వేళ్లు మరీ విప్పి పడుతున్నానని చూపించారు. ఆ మాట గోల్ వెనక పాడినవాళ్లలో ఒక్కరికీ తెలియదు. సీజన్ చివర ఒక పెనాల్టీ ఆపాను, జట్టు కింది అంచెకు పడిపోకుండా మిగిలింది. పాట కట్టినవాళ్లే కంచె దూకి వచ్చి నన్ను భుజాల మీద ఎత్తుకున్నారు. వాళ్లు నిజంగా సంతోషించారు, అందులో అబద్ధం లేదు. నాకు మాత్రం లోపల ఏమీ అనిపించలేదు. వాళ్ల చేతులు నా కాళ్లను పట్టుకుని ఉంటే ఎప్పుడు దింపుతారా అని చూశాను.

విమర్శ న్యాయమా కాదా అని మీరు తూకం వేస్తున్నారు. వేయండి, అది అవసరమే. అయితే ఆట మెరుగుపడగానే లెక్క సరిపోయిందని అనుకోకండి. అవతలివాడి పుస్తకంలో సరిపోదు.

మూల జెండా:

గోలు గీత గారూ, మీరు రాసింది రెండుసార్లు చదివాను. రాసినందుకు కృతజ్ఞతలు.

మధ్య వలయం:

మా ఆర్సెనల్‌లో అప్పటి కెప్టెన్ గ్రానిట్ జాకా కథ దీనికి దగ్గరగా ఉంటుంది. 2019 అక్టోబరు 27, క్రిస్టల్ ప్యాలెస్‌తో ఆట. అతన్ని మార్చి వేరొకరిని పంపుతున్నట్టు బోర్డు పైకెత్తగానే సొంత స్టేడియమే హేళనగా అరిచింది. అతను నెమ్మదిగా నడిచాడు, చెవికి చేయి పెట్టి ఇంకా అరవండి అన్నట్టు సైగ చేశాడు, జెర్సీ విప్పేసి నేరుగా లోపలికి వెళ్లిపోయాడు. కెప్టెన్సీ పోయింది. కొద్ది రోజులకు అతను రాసిన వివరణలో ఇంటర్నెట్‌లో తనకు వచ్చిన మాటలు కొన్ని ఉన్నాయి. కాళ్లు విరగ్గొడతాం అని ఒకటి. భార్యను చంపుతామని ఇంకొకటి. కూతురికి క్యాన్సర్ రావాలని ఇంకొకటి. పాప అప్పటికి పసికందు.

తర్వాత ఏం జరిగిందో తెలుసు కదా. ఆర్టెటా అతన్ని ఒప్పించి ఉంచుకున్నాడు. 2022-23లో కొంచెం ముందుకు జరిపి ఆడిస్తే లీగ్‌లో ఏడు గోల్స్ కొట్టాడు. చివరి ఆటలో వోల్వ్స్‌పై రెండు గోల్స్. ఒకప్పుడు హేళన చేసిన స్టేడియమే ఉండిపొమ్మని పాడింది. తర్వాత జర్మనీలోని లెవర్కూసెన్ క్లబ్‌కు వెళ్లాడు. వాళ్లు 2023-24లో ఒక్క ఓటమి లేకుండా అక్కడి లీగ్ బుండెస్‌లిగా గెలిచారు.

ఉండిపొమ్మని పాడినప్పుడు నా కళ్లు చెమర్చాయి. మా అభిమానుల గురించి గర్వపడ్డాను కూడా. గోలు గీత గారి మాటలు చదివాక అదే దృశ్యం వేరేగా కనిపిస్తోంది. అతను ఉండలేదు, వెళ్లిపోయాడు. అందుకు కారణాలు వేరే కావచ్చు. అయినా ఆ పాటతో మేం ఏదో తీర్చేశామని ఇన్నాళ్లూ నేను అనుకుంటూ వచ్చాను.

ఎడమ అంచు:

బెదిరింపులనూ, పసిపిల్ల మీద శాపాలనూ విమర్శలో కలపకండి. అవి నేరాలు. ఎవరు సమర్థిస్తారు వాటిని? ఆ పేరు చెప్పి ఆట మీద గట్టిగా మాట్లాడేవాళ్ల నోరు కట్టేయవద్దు. 2024 యూరోలో ఇంగ్లండ్ ఆట చూశారా? అన్ని ప్రతిభలున్న జట్టు ఏం ఆడుతోందో తెలియక ఈడ్చింది. జూన్ 25న స్లొవేనియాతో 0-0. కోచ్ గ్యారెత్ సౌత్‌గేట్‌ను జనం నిలదీశారు. నిలదీయాల్సిందే. ఆ తర్వాత ఫైనల్ చేరారు కాబట్టి విమర్శకులంతా క్షమాపణ చెప్పాలన్నారు కొందరు. నేను ఒప్పుకోను. స్లొవేకియాపై 95వ నిమిషంలో జూడ్ బెల్లింగ్‌హామ్ గాలిలో వెనక్కి తిరిగి తన్నకపోతే అక్కడితో ఇంటికే. స్విట్జర్లాండ్‌పై పెనాల్టీ షూటౌట్. ఫలితాలు మారాయి, ఆట మారలేదు. ఫలితం మారితే విమర్శ తప్పైపోతుందంటే, ఆట చూడటం ఎందుకు, మర్నాడు పేపర్లో స్కోరు చూసుకుంటే సరిపోతుంది.

గణాంకం:

ఇది చాలా మంచి ఉదాహరణ, ఇక్కడ మీతో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. ‘మెరుగుపడటం’ అంటే దేనిలో అన్నది ముందు చూడాలి. స్ట్రైకర్ రెండు నెలలు మంచి చోట్ల నుంచి షాట్లు కొడుతూనే ఉండవచ్చు, పోస్టుకు తగలడమో కీపర్ చేతికి వెళ్లడమో జరుగుతుంది. మూడో నెల అవే షాట్లు లోపలికి వెళతాయి. ఆట ఒక్క వీసం మారలేదు, అభిమానుల గొంతు మాత్రం తలకిందులైంది. అప్పుడు మొదటి విమర్శ కూడా తప్పే, తర్వాతి పొగడ్త కూడా తప్పే. ఇంగ్లండ్ విషయం దీనికి తిరగేసినది. విమర్శ సరైనది, ఫలితం దాన్ని కప్పేసింది.

అయితే స్లొవేనియా ఆట రాత్రి కొలోన్‌లో సౌత్‌గేట్ అభిమానులకు అభివాదం చేయడానికి వెళితే ప్లాస్టిక్ గ్లాసులు విసిరారు. ఆ గ్లాసులు ఏ విశ్లేషణలో భాగం, ఎడమ అంచు గారూ?

ఎడమ అంచు:

ఏ విశ్లేషణలోనూ భాగం కాదు. అది తప్పే.

మూల జెండా:

దూరంగా కూర్చుని ఫోనులో తిట్టడానికీ స్టేడియానికి వచ్చి అరవడానికీ తేడా ఉందని నాకు సునీల్ ఛెత్రి వీడియో చూశాక అర్థమైంది. 2018 జూన్‌లో చైనీస్ తైపీపై భారత్ 5-0తో గెలిచింది. హ్యాట్రిక్ అతనిదే. చూడటానికి వచ్చినవాళ్లు రెండున్నర వేల పైచిలుకు. మర్నాడు వీడియోలో చేతులు జోడించి అడిగాడు. ఇంటర్నెట్‌లో తిట్టడంలో ఏముంది, స్టేడియానికి వచ్చి మా ముఖం మీదే తిట్టండి, అరవండి, ఏమో, ఒక రోజు మీ మనసు మార్చగలమేమో అని. కెన్యాతో తర్వాతి ఆటకు టికెట్లన్నీ అమ్ముడైపోయాయి.

అతను విమర్శించవద్దని అడగలేదు. వచ్చి చూసి విమర్శించమన్నాడు. మనసు మారే వీలు ఉంచుకుని రమ్మన్నాడు. నాకు ఆ ఆఖరి మాటే ముఖ్యం అనిపిస్తుంది. 90 నిమిషాలు కూర్చుని చూసినవాడు 70వ నిమిషంలో ఒక మంచి పాస్ కనబడితే తనకు తెలియకుండానే చప్పట్లు కొడతాడు. ఫోనులో నలభై సెకన్ల ముక్క చూసి తిట్టేవాడికి ఆ అవకాశమే లేదు.

గోలు గీత:

ఛెత్రి పిలుపును గౌరవిస్తాను. కానీ ముఖం మీద తిట్టడం మేలు అన్నది నా అనుభవం కాదు. పాట కట్టినవాళ్లు స్టేడియానికి వచ్చినవాళ్లే.

నాకు ఉపయోగపడిన విమర్శ ఒక్కటే ఉంది అభిమానుల నుంచి. ఒక పెద్దాయన ఆట అయ్యాక కంచె దగ్గర నిలబడి, బాబూ, ఎడమవైపు వచ్చే బంతికి నువ్వు అడుగు ఆలస్యంగా వేస్తున్నావు, మొదటి నుంచీ చూస్తున్నాను అన్నారు. చాలా కటువుగా అన్నారు, నవ్వు కూడా లేదు. రాత్రి నిద్ర పట్టలేదు. మర్నాడు అడిగితే కోచ్ కూడా అవునన్నారు. ఆ మాట నేను మెరుగుపడ్డాక కూడా తప్పు కాలేదు. ఆయన్ను ఈ రోజుకీ తలచుకుంటాను.

పాత స్కోరుబోర్డు:

మెరుగుపడినవాళ్ల గురించే మాట్లాడుతున్నాం. మెరుగుపడినా ఎవరూ చూడనివాడి గురించి కూడా చెప్పనివ్వండి.

మోయసీర్ బర్బోసా, బ్రెజిల్ గోల్ కీపర్. 1950 జులై 16, మరకానా. దాదాపు రెండు లక్షల జనం. డ్రా చేసుకున్నా చాలు, బ్రెజిల్ ప్రపంచ విజేత. 79వ నిమిషంలో ఉరుగ్వే ఆటగాడు గిగ్గియా కుడివైపు నుంచి దూసుకొచ్చాడు. మొదటి గోల్‌కు అతనే అదే వైపు నుంచి మధ్యలోకి బంతి అందించి ఉన్నాడు. బర్బోసా మళ్లీ అదే వస్తుందని ఒక అడుగు ముందుకు జరిగాడు. గిగ్గియా నేరుగా దగ్గరి పోస్టు పక్కనుంచి కొట్టాడు. 2-1. ఏ కీపర్ అయినా వేసే అడుగే అది.

బర్బోసా ఆ తర్వాత కూడా పన్నెండేళ్ల దాకా క్లబ్ ఆటలు ఆడాడు. దేశం తరఫున మాత్రం ఒక్క ఆటే. 1993లో జాతీయ జట్టు శిబిరానికి వెళితే లోపలికి రానివ్వలేదు. మా దేశంలో ఎంత నేరానికైనా గరిష్ఠ శిక్ష ముప్పై ఏళ్లు, నేను చేయని నేరానికి యాభై ఏళ్లుగా అనుభవిస్తున్నాను అని చివరి రోజుల్లో అన్నాడు. 2000లో పోయాడు.

మగ్వైర్‌కు లియోన్ దొరికింది. డేవిడ్ బెక్‌హామ్‌కు 1998 రెడ్ కార్డు తర్వాత దిష్టిబొమ్మ వేలాడదీశారు, 2001లో గ్రీస్‌పై ఆఖరి నిమిషాల్లో ఫ్రీ కిక్ దొరికింది. అలాంటి నిమిషం అందరికీ రాదు. అందుకే ఈ చర్చ శీర్షికే నాకు కొంచెం నచ్చలేదు. తిట్టు న్యాయమో కాదో తేల్చడానికి ఆటగాడు గోల్ కొట్టే దాకా ఆగాలా?

ఎడమ అంచు:

పాత స్కోరుబోర్డు గారూ, ఇది చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను.

నా మాట కొంత మార్చుకుంటున్నాను. ఆ రోజు ఆటకు ఆ రోజు తీర్పు అన్నాను. అది నిజమైతే రెండు వైపులా నిజం కావాలి. ఆ రోజు ఆట మీద తీర్పు ఆ రోజుతో ఆగాలి. నేను ఆపలేదు. 2023 సెప్టెంబరులో స్కాట్లండ్‌తో స్నేహపూర్వక ఆటలో మగ్వైర్ కాలికి తగిలి సెల్ఫ్ గోల్ పడింది. ఇంగ్లండ్ 3-1తో గెలిచిన ఆట అది, అతను బంతి తాకినప్పుడల్లా స్కాట్లండ్ అభిమానులు ఎగతాళిగా జేజేలు కొట్టారు. నేను ఆ ఆట చూడనే లేదు. సెల్ఫ్ గోల్ ముక్క ఒక్కటే చూసి, ఇంకేముంది, మగ్వైర్ కదా అని ఇక్కడ రాశాను. చూడని ఆటకు తీర్పు చెప్పాను. పాత తీర్పును కొత్త ఆటకు అంటించాను. ఆటగాడు ఇంటర్నెట్‌లో ఒక ఎగతాళి బొమ్మగా మారితే అతని కొత్త ఆటను ఎవరూ చూడరు. ఆ బొమ్మనే చూస్తారు. నేనూ అదే చేశాను.

గట్టి విమర్శ మానను. కానీ అది విమర్శ కాదు.

మధ్య వలయం:

ఎడమ అంచు గారూ, ఇది చదివి మీ మీద గౌరవం పెరిగింది. మా వాళ్లు ఆర్సెనల్ ఆటగాడు కై హవర్ట్స్ మీద కట్టిన పాట తెలుసు కదా? ఆరు కోట్లు నీళ్లలో పోశారు అని మొదలై, హవర్ట్స్ మళ్లీ గోల్ కొట్టాడు అని ముగుస్తుంది. మొదటి చరణం మేం అన్న మాటే. దాన్ని దాచేయకుండా పాటలోనే ఉంచుకుని తిప్పేశారు. నాకు ఆ పాటంటే చాలా ఇష్టం. మేమే అన్నాం, మేమే తప్పు అని స్టేడియం మొత్తం ఒకే గొంతుతో ఒప్పుకోవడం నేను ఇంకెక్కడా వినలేదు.

ఉత్తర గ్యాలరీ:

అందరికీ కృతజ్ఞతలు. నా పాత వ్యాఖ్యలన్నీ తొలగించేద్దామని నిన్న రాత్రి అనుకున్నాను.

ఎడమ అంచు:

తొలగించకండి. తొలగిస్తే మీరు అన్నట్టే ఉండదు, అతను మాత్రం ఆ మాటలు పడ్డాడు. వాటి కిందే తేదీ వేసి ఇప్పటి మాట రాయండి. నేనూ నా సెప్టెంబరు వ్యాఖ్య కింద రాస్తాను.

గోలు గీత:

ఒక విషయం అడగవచ్చా? మీరు చెప్పిన ఆ లివర్‌పూల్ ఆట జరిగిన వారంలోనే మగ్వైర్ ఇంటికి బాంబు బెదిరింపు వచ్చింది. పోలీసులు కుక్కలతో ఇల్లంతా వెతికారు. ఆ వార్తను ఇక్కడ ఎవరో పెట్టి ఉంటారు కదా. అప్పుడు ఏమని రాశారు?

ఉత్తర గ్యాలరీ:

వెతికాను. ఉంది. వార్త పెట్టిన సభ్యుడు ఇది మరీ దారుణం అని ఒక్క వాక్యం రాశారు. కింద మిగిలినవాళ్లం 4-0 గురించే కొనసాగించాం. నేను రాసింది ఇది: ‘ఇంట్లో అయినా డిఫెన్స్ బాగుందేమో చూడాలి.’ దాని కింద కొందరు నవ్వు బొమ్మలు పెట్టారు.

ఇందాక రాయడానికి చేయి రావడం లేదన్నది దీని గురించే. ఆ ఇంట్లో ఇద్దరు చిన్నపిల్లలు ఉన్నారు.

‘బండరాయి’ కింద ఇలా రాశాను: వెనక్కి తిరగడంలో నెమ్మది అని రాయాల్సింది. ‘ఎప్పటికీ కాదు’ కింద: తప్పు. లియోన్, ఆన్‌ఫీల్డ్. బాంబు వార్త కింద నేను రాసిన ఆ మాటకు మాత్రం ఇంకా ఏమీ రాయలేదు. మగ్వైర్ ఎంత బాగా ఆడినా, ఆడకపోయినా దీనికి సంబంధం లేదు. ఏం రాయాలో తోచాక రాస్తాను.

గోలు గీత:

తొందర లేదు. రాయండి.

ఎడమ అంచు:

నాదీ రాశాను, చూడండి. శనివారం ఆటకు జట్టు ప్రకటించగానే చర్చ తెరుస్తాను. మగ్వైర్ ఆడితే, వెనుక ఖాళీ వదిలితే, అతని వేగం గురించి మళ్లీ గట్టిగానే రాస్తాను. ఈసారి 90 నిమిషాలూ చూశాక.